గేటు కాడి తోట

రోహిణి ఎండకు
పట్టాల మీది గాలి కూడ వంకర తిరుగుతది.
ఆ పదిహేను రోజులు నేను తోట చెయ్య, తోటను బతికించుకుంట, అంతే.
టమాటలకు పాత చీర నీడ కట్టి
వంగ మొదళ్ల మీద ఎండుగడ్డి కప్పి
బోరింగు కొట్టి
బొగ్గు బండి పోయినంక రెండు బిందెలు,
ప్యాసింజరు పోయినంక రెండు.

నడుమ ఫోను మోగుతది.
స్టేషన్ల సారు నంబరు చెప్తడు, నేను నంబరు చెప్త,
బుక్కుల రాసుకుంట.
గేటు పడుతది.

గేటు పడ్డదంటే సలహాలు మొదలైనట్టే.
పాల క్యాన్ల బండి మీద, ఒక కాలు కింద పెట్టి, మొగిలి:
"స్వరూపా, బెండ ఇంకెన్ని రోజులు ఉంచుతవే, ముదిరింది, పీకెయ్ రాదు."
ఆటోల నుంచి యాకూబ్: "ఇత్తనానికి రెండు ఉంచు."
మేకల ఓదెలు ఏమీ అనడు.
ముందటి రెండు మేకల చెవులు పట్టుకొని నిలబడుతడు,
అదే ఆయన చేసే సాయం.

మిరుగం నాడు నాలుగు చినుకులు పడ్డయ్.
నమ్మలే. వేలు గుచ్చి చూసిన:
రెండో కణుపు దాకనే తడి, కింద అంత దుబ్బ.
ఆగిన.
ఆగుడు నాకు నౌకరి నేర్పింది.
ఆరుద్రల మన్ను ముద్దకొచ్చినంక
బీర పెట్టిన, కాకర పెట్టిన, పుంటికూర చల్లిన,
రాత్రి నానేసిన ఆనిగెపు గింజలు
మొన కిందికి గుచ్చిన.

చిక్కుడు కాడ చెయ్యి ఆగింది.

చిక్కుడు బీర లెక్క కాదు.
నలభై రోజులకు కాయ అడిగితే ఆకు చూపిస్తది.
చలి పడితేనే నోరు విప్పుతది.
అప్పటికి గేటే ఉండదన్నరు సార్లు.
పట్టాల కింది నుంచి తొవ్వ తవ్వుతున్నరు,
దసరాకు ముందే గేటు బందు,
నన్ను ఎక్కడ ఏస్తరో వాళ్లకే తెల్వది.

గింజలు పిడికిట్లనే ఉండంగ
బొగ్గు బండి కూత పెట్టింది.
యాభై తొమ్మిది డబ్బాలు.
పచ్చజెండ పట్టుకోవాలె గద,
చేతిలయి గుంతల ఇడిసి జెండ అందుకున్న.
అట్ల పడ్డది చిక్కుడు.
ధైర్యం అనకుండ్రి దాన్ని.

పుష్యాల ముసురుకు టమాట మొదళ్లు కుళ్లినయ్.
పీకి అవతల ఏసిన.
ఆ జాగల మిరప నారు, చపాట రకం,
వనజ టీచరమ్మ ఇచ్చింది,
గేటు లేచేలోపు స్కూటీ డిక్కీల నుంచి తీసి,
వేర్లకు తడిగుడ్డ చుట్టి.
బీర పందిరికి పాత సిగ్నల్ తీగ.
ఎవ్వలకు చెప్పకుండ్రి.

ఆశ్రేషల గొంగళి పురుగు, మఖల పేనుబంక.
పొయ్యిల బూడిద, ఆకు తడి ఆరకముందే చల్లాలె.
బొగ్గు దుమ్ము పనికిరాదు, చల్లి చూసిన.

పుబ్బల కింది తొవ్వ తెరిచిన్రు.
గేటు కడ్డీని దించి గొలుసు ఏసిన్రు, గొలుసుకు తాళం.
కాయితం వచ్చేదాక సామాను చూస్కుంట ఉండమన్నరు.
బండ్లు కింది నుంచే రయ్యిన పోతున్నయ్,
ఒక్కలు కాలు కింద పెట్టరు.
బీరకాయలు పీచు పట్టినయ్.
ముదిరినయని చెప్పేటోళ్లు లేక
నాకు ముదిరినట్టే కనిపించలే.

ఉత్తరల మూడు రోజులు వాన.
నాలుగో పొద్దు కింది తొవ్వల నడుము లోతు నీళ్లు.
మొగిలి, యాకూబ్, టీచరమ్మ, మేకలు,
అలవాటైన కాళ్లతోని గేటు కాడికి ఎక్కొచ్చిన్రు.
తాళం చేతి నా దగ్గర లేదు.
"సార్లకు ఫోన్ చేసిన," అన్న.
చేసిన మాట నిజమే.
రెండుసార్లు మోగనిచ్చి పెట్టేసిన మాట కూడ నిజమే.

నిలబడ్డరు. ఏం చేస్తరు మరి.
మొగిలి బండి స్టాండు ఏసి చిక్కుడు తీగను చూసిండు.
కడ్డీ పట్టుకొని తాళం దాక పాకింది అది.
"మొదట్ల ఆకులు తుంచకపోతివి, పూత ఎట్లొస్తదే?"
"బూడిద ఎయ్యి," యాకూబ్.
టీచరమ్మ వాచి చూసుకొని, చూసుకొని, ఊకున్నది.
ఓదెలు మేకల చెవులు పట్టుకున్నడు.

వంగి ఆకులు తుంచుతున్న,
ఒక్కొక్కటే, నిమ్మళంగ.
ఏ బండి పేరు మీదా పడని గేటు ఇది.